మొదటిసారి కాజా ప్రయాణం: పెద్దవాళ్లతో సిమ్లా దారిలో వెళ్లాలా, మనాలీ దారిలోనా?

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెబుతాను. సెప్టెంబర్‌లో పది రోజుల సెలవు పెట్టుకుని హైదరాబాద్ నుంచి హిమాచల్‌లోని స్పితి లోయకు, అందులోని కాజా పట్టణానికి వెళ్లాలనుకుంటున్నారు. మీ దంపతులు, పదేళ్ల పాప, అరవై దాటిన అమ్మానాన్నలు. నాన్నగారికి బీపీ ఉంది, మాత్రతో అదుపులో ఉంటోంది. ఇంత ఎత్తుకు వెళ్లడం అందరికీ ఇదే మొదటిసారి. మనాలీ నుంచి ఒక్క రోజులో కాజా చేరిపోవచ్చని ట్రావెల్స్ అతను అంటున్నాడు. సిమ్లా మీదుగా అయితే సగం సెలవు దారిలోనే అయిపోతుందని మీ దిగులు. ఏ దారి మేలు, ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా, అసలు పెద్దవాళ్లను తీసుకెళ్లవచ్చా అని అడిగారు. చివర్లో అన్నం దొరుకుతుందా అని కూడా.

నా సమాధానం ఇది. సిమ్లా వైపు నుంచి ఎక్కండి, మనాలీ వైపు నుంచి దిగండి. దీన్ని తిరగేసి చేయకండి. నాన్నగారి డాక్టరు సరేనంటే పెద్దవాళ్లను నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. పది రోజులు సరిపోతాయి, కానీ అందులో ఒక్క రోజు కూడా కోయకండి. డయామాక్స్ గురించి కింద వివరంగా రాశాను. అన్నం దొరుకుతుంది.

నేను చాలా ఏళ్లుగా మన తెలుగువాళ్లను చిన్న చిన్న బృందాలుగా స్పితికి తీసుకెళ్తున్నాను. ఎక్కువమంది మీలాగే మొదటిసారి వచ్చేవాళ్లు, అందులోనూ అమ్మానాన్నలతో వచ్చేవాళ్లు. అక్కడ మనుషులు ఇబ్బంది పడిన సందర్భాల్లో ఎక్కువ శాతం ఒకే కారణం చూశాను: తొందరగా ఎక్కేయడం.

దూరం కాదు, పడుకునే ఎత్తు చూడండి

దూరం లెక్కలో మనాలీ దారే దగ్గర. మనాలీ నుంచి కాజా సుమారు 200 కిలోమీటర్లు, సిమ్లా నుంచి 400 పైనే. 2020 అక్టోబర్ 3న అటల్ టన్నెల్ తెరిచాక రోహ్తంగ్ కనుమ ఎక్కి దిగే పని కూడా తప్పింది. 9 కిలోమీటర్ల సొరంగం దాటితే కొండకు అవతలున్న లాహౌల్ లోయలో ఉంటారు. అందుకే 'ఒక్క రోజులో కాజా' అని ట్రావెల్స్ వాళ్లు ధైర్యంగా చెబుతున్నారు. అది నిజమే, బండి సాయంత్రానికి చేరుతుంది.

ఇప్పుడు ఎత్తు లెక్క చూడండి. మనాలీ సుమారు 2,050 మీటర్లు. కాజా సుమారు 3,700. మధ్యలో కుంజుమ్ కనుమ 4,551. అంటే నిన్న రాత్రి పడుకున్న చోటు కన్నా 1,600 మీటర్లు పైన ఈ రాత్రి పడుకుంటారు, అదీ పగలంతా గుంతల రోడ్డులో ఒళ్లు హూనం చేసుకుని. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని ఎత్తు ప్రాంతాల వైద్యంలో అందరూ ఒప్పుకున్న పద్ధతి. మనాలీ దారి ఆ పద్ధతిని మొదటి రోజే పక్కన పెట్టేస్తుంది.

సిమ్లా దారిలో అదే ఎత్తుకు మెట్లు మెట్లుగా వెళ్తారు. సిమ్లా 2,200. సరాహన్ కూడా దాదాపు అంతే. కల్పా 2,950 చిల్లర. తాబో 3,280. ఆ తర్వాత కాజా. ఎక్కడా ఒంటికి పెద్ద కుదుపు ఉండదు. పైగా ఈ రోజులు వృథా పోతాయని మీరు అనుకోనక్కర్లేదు. సట్లెజ్ పక్కనే కొండను తొలిచి వేసిన రోడ్డు, సరాహన్‌లో భీమాకాళి గుడి, కల్పాలో కిటికీ తీస్తే ఎదురుగా కిన్నౌర్ కైలాస్, ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలిసే చోటు. ఆ సంగమం దాటాక పచ్చదనం పూర్తిగా పోయి, రంగురంగుల బోడి కొండలు మొదలవుతాయి. స్పితి ఎలాంటి చోటో ఆ మార్పును కళ్లారా చూస్తేనే అర్థమవుతుంది.

ఇంకో కారణం ఉంది. చాలామంది ఆలోచించనిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. కాజాలో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే అసలు మందు కిందికి దిగడమే. తాబో వైపు సుమారు 50 కిలోమీటర్లు పోతే 400 మీటర్లు దిగుతారు. ఇంకా ముందుకు పోతే నాకో అనే ఊరి దగ్గర రోడ్డు మళ్లీ కాస్త ఎక్కుతుంది కానీ, మొత్తమ్మీద కిన్నౌర్ జిల్లా కేంద్రం రికాంగ్ పియో దాకా కిందికే. అదే మనాలీ వైపు దిగాలంటే ముందు కుంజుమ్ ఎక్కాలి. ఊపిరి అందని మనిషిని ఇంకో 850 మీటర్లు పైకి తీసుకెళ్లి, ఆ తర్వాత కిందికి దించాలన్నమాట. మనాలీ నుంచి నేరుగా వచ్చి ఆ రాత్రే జబ్బు పడినవాళ్లు వచ్చిన దారినే తిరిగి పోలేరు. ముందూ వెనకా తెలియని ఊళ్లో, తెలియని దారిలో అర్ధరాత్రి బండి వెతుక్కోవాలి.

ఒంట్లో ఏం జరుగుతుంది

ఇది కాస్త తెలిస్తే భయం సగం తగ్గుతుంది, జాగ్రత్త పెరుగుతుంది. గాలిలో ఆక్సిజన్ వాటా కాజాలోనూ 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్ర మట్టంతో పోలిస్తే అక్కడ మూడింట రెండు వంతుల కన్నా కాస్త తక్కువ ఉంటుంది. మీ పాప కోసం హైదరాబాద్‌లో కొన్న చిప్స్ ప్యాకెట్ తాబో చేరేసరికి పూరీలా ఉబ్బి ఉంటుంది. లోపల మన ఊరి గాలి, బయట పలచని గాలి. పచ్చడి సీసా మూత తీసేటప్పుడు నూనె బయటికి తన్నేది కూడా అందుకే. దాన్ని సింకు దగ్గరే తీయండి, బట్టల బ్యాగు పక్కన కాదు.

ఒత్తిడి తగ్గితే మనం తెలియకుండానే ఊపిరి ఎక్కువ తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. మెదడు దాన్ని చూసి ఊపిరికి కళ్లెం వేస్తుంది. మూత్రపిండాలు రక్తంలోని బైకార్బనేట్ అనే క్షారాన్ని బయటికి పంపి సర్దుబాటు చేసేదాకా ఈ పీకులాట నడుస్తుంది, దానికి రెండు మూడు రోజులు పడుతుంది. కుర్రాడైనా, రోజూ జిమ్‌కి వెళ్లేవాడైనా ఇందులో మినహాయింపు లేదు. నిజానికి ఒంట్లో సత్తువ ఉందన్న నమ్మకంతో వేగంగా నడిచి, మెట్లెక్కి, తలనొప్పిని లెక్కచేయని కుర్రాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. పెద్దవాళ్లు మెల్లగా నడుస్తారు, ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటారు. ఆ అలవాటే వాళ్లను కాపాడుతుంది.

రాత్రిపూట ఒక సంగతి మిమ్మల్ని హడలగొట్టవచ్చు. నాన్నగారు నిద్రలో ఊపిరి క్రమంగా పెంచి, తగ్గించి, కొన్ని క్షణాలు పూర్తిగా ఆపేసి, ఆ వెంటనే గట్టిగా పీల్చుకుని కదులుతారు. పక్కన మేలుకుని ఉన్నవాళ్లకు ఆ నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. పైన చెప్పిన పీకులాటే ఇది, నిద్రలో బయటపడుతుంది. ఎత్తు ప్రాంతాల్లో ఆరోగ్యవంతులకూ వస్తుంది. పగలు మనిషి మామూలుగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. దీనికి భయపడి నిద్రమాత్ర మాత్రం ఇవ్వకండి, అది ఊపిరిని ఇంకా నెమ్మది చేస్తుంది. మద్యం తాగడం కూడా అంతే.

తలనొప్పితో పాటు ఆకలి లేకపోవడం, వికారం, నీరసం, కళ్లు తిరగడం, వీటిలో ఏదైనా ఉంటే అది ఎత్తు వల్ల వచ్చిందనే అనుకోండి. రోడ్డు మలుపుల వల్ల వచ్చే వాంతులైతే బండి దిగి గంట గడిస్తే సర్దుకుంటాయి. ఎత్తు వల్ల వచ్చినవి అలా పోవు, రాత్రికి ఎక్కువవుతాయి. అలాంటప్పుడు ఆ ఎత్తులోనే ఆగాలి. ఇంకా పైకి పోకూడదు. పారాసిటమాల్, విశ్రాంతి, కాస్త వేడి సూప్. మర్నాటికి తగ్గకపోతే కిందికి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా కిందికి దిగడానికి తెల్లారేదాకా ఆగకండి: కూర్చుని ఉన్నా ఆయాసం రావడం, ఆగని దగ్గు, తూలుతూ నడవడం లేదా మాట తికమక పడటం. తూలుతున్నారో లేదో తెలుసుకోవడానికి నేలమీద ఒక గీత ఊహించుకుని, ఒక పాదం మడమను ఇంకో పాదం వేళ్లకు ఆనిస్తూ నడవమనండి. కాజాలో ఒక గెస్ట్‌హౌస్‌లో బైకు మీద మనాలీ నుంచి వచ్చిన కుర్రాడు 'అలసట అంతే అన్నా, పడుకుంటే పోతుంది' అని దుప్పటి కప్పుకుంటున్నాడు. లేపి నడిపిస్తే నాలుగో అడుగుకే గోడ పట్టుకున్నాడు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించి, వాళ్లు చెప్పినట్టు ఆ రాత్రే కిందికి పంపించాం. తాబో దాటాక మాట స్పష్టంగా వచ్చిందని తోడు వెళ్లినతను ఫోన్ చేశాడు. అతన్ని పడుకోనిచ్చి ఉంటే ఏమై ఉండేదో తలచుకోవడానికే మనసు రాదు.

వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ ఉంటే తీసుకెళ్లండి, కానీ దాన్ని పట్టుకుని టెన్షన్ పడకండి. కాజాలో బాగున్నవాళ్లకు కూడా రక్తంలో ఆక్సిజన్ 90 శాతానికి అటూ ఇటూ చూపిస్తుంది. చేతులు చల్లగా ఉంటే ఇంకా తక్కువ చూపిస్తుంది, అరచేతులు రుద్దుకుని చూడాలి. అంకె కన్నా మనిషి ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం. చిన్న డబ్బాల్లో అమ్మే ఆక్సిజన్ కొన్ని నిమిషాలే వస్తుంది. దాన్ని నమ్ముకుని కిందికి దిగడం వాయిదా వేస్తేనే ప్రమాదం. కర్పూరం మనవాళ్లు తప్పకుండా తెస్తారు. వాసన హాయిగా అనిపిస్తే చూసుకోండి, దానివల్ల రక్తంలో ఆక్సిజన్ మాత్రం పెరగదు.

డయామాక్స్, బీపీ

డయామాక్స్ చేసే పని పైన చెప్పిన మూత్రపిండాల సర్దుబాటును తొందరగా జరిగేలా చేయడం. లక్షణాలను కప్పిపెట్టే మందు అని కొందరంటారు, అది తప్పు. ముందు జాగ్రత్తగా వేసుకునేవాళ్లకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు పొద్దునా సాయంత్రం, ఎక్కడానికి ముందు రోజు నుంచి రాస్తారు. వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, కూల్‌డ్రింక్ రుచి మారిపోతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. నాన్నగారి బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు కలిసి ఉంటే, దాని మీద డయామాక్స్ కూడా వేస్తే పొటాషియం పడిపోయే అవకాశం ఉంది. అందుకే మాత్రల పట్టీ డాక్టరుకు చూపించి, 'మూడు రాత్రులు 3,700 మీటర్ల ఎత్తులో పడుకుంటాం, పగలు 4,600 దాకా వెళ్తాం' అని అంకెలతో సహా చెప్పి అడగండి. 'హిల్ స్టేషన్‌కి వెళ్తున్నాం' అంటే ఆయన ఊటీ అనుకుని సరేనంటారు.

నా అనుభవంలో సిమ్లా దారిలో కింద చెప్పిన లెక్కన ఎక్కినవాళ్లలో చాలామందికి డయామాక్స్ అవసరం పడలేదు. మనాలీ దారిలో ఎక్కేవాళ్లకే దాని గురించి ఎక్కువ ఆలోచించాల్సి వస్తుంది.

ఎత్తులో మొదటి రోజుల్లో బీపీ కాస్త పెరగడం మామూలే. బయల్దేరే ముందు ఇంట్లో ఒక వారం పొద్దునా సాయంత్రం కొలిచి రాసుకోండి. అవి నిలకడగా ఉంటేనే అదుపులో ఉన్నట్టు. మెషీన్ వెంట తీసుకెళ్లండి. మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు, సగం చేతి సంచిలో, సగం పెద్ద బ్యాగులో పెట్టుకోండి. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, ఈమధ్య స్టెంట్ వేయించుకోవడం లాంటివి ఉంటే మాత్రం నేనైనా వద్దనే చెప్తాను. పాపకు పదేళ్లు కాబట్టి తలనొప్పో కాదో నోటితో చెప్పగలదు, అది మంచిది. హుషారుగా ఉండే పిల్ల అన్నం వద్దని మూల కూర్చుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

పది రోజులు ఎలా వాడుకోవాలి

హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు విమానం, అక్కడి నుంచి బండిలో సిమ్లా. మొదటి రాత్రి సిమ్లా, రెండో రాత్రి సరాహన్, మూడో రాత్రి కల్పా. నాలుగో రోజే అసలైన పొడవాటి ప్రయాణం: కల్పా నుంచి తాబో. చాలా ప్యాకేజీల్లో ఈ రాత్రి నాకోలో పెడతారు. నాకో చెరువు బాగుంటుంది, కానీ ఊరు 3,660 మీటర్ల ఎత్తులో ఉంది. కల్పా నుంచి ఒక్కసారిగా 700 మీటర్లు. నేనైతే నాకోలో భోజనం చేయించి, ఒక గంట చెరువు దగ్గర కూర్చోబెట్టి, సాయంత్రానికి తాబో దింపుతాను. తాబో ఇంకా ముందున్నా, ఎత్తు దాదాపు 400 మీటర్లు తక్కువ. పగలు ఎత్తు చూసి రాత్రి కింద పడుకోవడం ఒంటికి మంచిది. మీ ట్రావెల్స్ అతను నాకో అంటే ఈ ఒక్కటి గట్టిగా పట్టుబట్టి మార్పించండి.

ఐదో రోజు పొద్దున తాబో మఠం చూడండి. క్రీ.శ. 996లో కట్టింది. బయటికి మట్టిదిబ్బల్లా కనిపించే ఆ గోడల లోపల వెయ్యేళ్ల నాటి చిత్రాలు, మట్టి విగ్రహాలు ఉన్నాయి. లోపల చీకటిగా ఉంటుంది, ఫోటోలు తీయనివ్వరు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. అప్పుడు గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటే కనిపించడం మొదలవుతుంది. మన వాళ్లు ఫోన్ బయట పెట్టించారని విసుక్కుని రెండు నిమిషాల్లో వచ్చేస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. తర్వాత ధన్కర్ మీదుగా మధ్యాహ్నానికి కాజా.

కాజా చేరిన రోజు ఏమీ చేయకండి. గది కింది అంతస్తులో అడిగి తీసుకోండి, ఇది పెద్దవాళ్లకు చాలా పెద్ద సాయం. సామాను డ్రైవరును, హోటల్ కుర్రాణ్ని మోయమనండి. సాయంత్రం బజారు దాకా మెల్లగా నడిచి రండి, పగలు మంచం ఎక్కి పడుకోవద్దు. తలస్నానం మర్నాటికి పెట్టుకోండి. తల తడిసి చలి పట్టిందంటే తలనొప్పి దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేం.

ఆరో రోజు కీ మఠం, ఓపిక ఉంటే చిచమ్ వంతెన. ఏడో రోజు లాంగ్జా, హిక్కిం, కోమిక్ ఊళ్లు. ఇవి 4,400 నుంచి 4,600 మీటర్ల దాకా ఉంటాయి, కాబట్టి చివరి రోజుకే ఉంచండి. అక్కడ పగలు మూడు నాలుగు గంటలు ఉండి కిందికి వచ్చేయాలి, రాత్రి ఉండొద్దు. హిక్కిం పోస్టాఫీసు నుంచి పాప చేత తన పేరు మీదే ఒక కార్డు వేయించండి, మీరు ఇల్లు చేరాక ఎప్పుడో వస్తుంది. లాంగ్జాలో పిల్లలు సముద్ర జీవుల శిలాజాలు అమ్మజూపుతారు. కోట్ల ఏళ్ల కిందట అక్కడున్న టెథిస్ సముద్రం ఆనవాళ్లవి. చూడండి, పాపకు చూపించండి, కొనొద్దు. కొనేవాళ్లు ఉన్నంతకాలం ఆ కొండను తవ్వుతూనే ఉంటారు.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున కుంజుమ్ మీదుగా మనాలీ. తొమ్మిదో రోజు చండీగఢ్. పదో రోజు ఖాళీ. ఆ ఖాళీ రోజులో ఏదీ పెట్టకండి, అది రోడ్డు కోసం ఉంచిన రోజు. చంద్రతాల్ చూడాలని మీరు అడగలేదు కానీ అడుగుతారని తెలుసు. సరస్సు సుమారు 4,300 మీటర్ల ఎత్తులో ఉంది. కాజాలో మూడు రాత్రులు బాగా గడిస్తే వెళ్లేదారిలో చూసి దిగిపోవచ్చు. అక్కడ టెంటులో రాత్రి ఉండటం మాత్రం ఈ ప్రయాణంలో, నాన్నగారితో, వద్దు.

సెప్టెంబర్, రోడ్లు

స్పితిలో వానలు తక్కువ, చుట్టూ ఉన్న కొండలే మేఘాలను ఆపేస్తాయి. కానీ స్పితికి చేరే దారులు రెండూ వాన పడే చోట్ల నుంచే వెళ్తాయి. 2021 ఆగస్టు 11న కిన్నౌర్‌లో నిగుల్సరి దగ్గర కొండచరియలు బస్సు మీద, వాహనాల మీద విరిగిపడి 28 మంది చనిపోయారు. మీరు వెళ్లే సిమ్లా దారే అది. 2023 జూలైలో వానలకు, మంచుకు దారి మూసుకుపోయి రెండు వందల మందికి పైగా చంద్రతాల్ దగ్గర రోజుల తరబడి చిక్కుకుపోయారు. అందుకే జూలై, ఆగస్టుల్లో కుటుంబాలను నేను తీసుకెళ్లను. సెప్టెంబర్ పదో తేదీ తర్వాత బయల్దేరేలా చూసుకోండి, అప్పటికి వానల జోరు తగ్గుతుంది, ఆకాశం తేటగా ఉంటుంది.

అలాగని నెలాఖరుకు జరపకండి. 2018లో సెప్టెంబర్ నాలుగో వారంలోనే లాహౌల్ స్పితిలో భారీగా మంచు పడి వందల మంది ఆగిపోయారు. కుంజుమ్ ఒక్కసారి మూసుకుంటే మళ్లీ సిమ్లా దారినే వెనక్కి రావాలి, అది రెండు రోజుల గట్టి ప్రయాణం. పదో రోజు ఖాళీగా ఉంచమన్నది ఇందుకే. తిరుగు విమానం టికెట్ తేదీ మార్చుకునే వీలున్నది కొనండి, ఆ పైసలకు చూసుకోకండి.

కాజా నుంచి మనాలీ వెళ్లే రోజు ఆరింటికల్లా బండి కదలాలి. కుంజుమ్ దిగాక బతల్ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు మీద అక్కడక్కడ వాగులు పారుతుంటాయి. పొద్దున అవి పలచగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నానికి పొంగుతాయి. అదే వాగు పదింటికి చక్రం సగం మునిగేంత ఉంటే, మూడింటికి బండి బానెట్ దాకా రావచ్చు. డ్రైవరు టీ తాగి బయల్దేరదాం అంటే కుంజుమ్‌కు ముందు వచ్చే లోసర్ ఊళ్లో తాగుదాం అనండి. బండి విషయంలో పొదుపు చేయకండి, ఎత్తుగా ఉండే బండి, స్పితి దారిలో నడిపిన హిమాచల్ డ్రైవరు. ఢిల్లీ నుంచి చవగ్గా వస్తుందని మైదానాల డ్రైవరును తీసుకోవద్దు.

మిగతావి

తిండి: కాజాలో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, అందుకని మామూలు గిన్నెలో అన్నం ఉడకదు, పప్పు అసలే ఉడకదు. అందరూ కుక్కరులోనే వండుతారు. పప్పు, అన్నం, రాజ్మా, రొట్టె ప్రతిచోటా దొరుకుతాయి. నూడుల్స్ వేసి చేసే వేడి సూప్, థుక్పా తప్పక తాగండి, ఆ చలికి అంతకన్నా సరైన తిండి లేదు. ఆవకాయ, పొడులు మీరెలాగూ తెస్తారు, అమ్మగారికి అన్నం దిగాలంటే అది ఉండాల్సిందే. నాన్నగారికి మాత్రం ఉప్పు లెక్క చూసి వడ్డించండి. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి, గాలి పొడిగా ఉండి ఊపిరితోనే నీరు పోతుంది. మూత్రం లేత రంగులో ఉంటే చాలు, అంతకుమించి బలవంతంగా తాగించొద్దు.

పెట్రోలు: కాజాలో ఒక బంకు ఉంది, 3,740 మీటర్ల ఎత్తులో. అది దాటితే మనాలీ దారిలో చాలా దూరం ఇంకొకటి ఉండదు. బయల్దేరే ముందు రోజు సాయంత్రమే ట్యాంకు నింపించండి.

డబ్బు, ఫోను: కాజాలో ఏటీఎం ఉంది, కానీ అందులో ఎప్పుడూ డబ్బు ఉంటుందని లెక్క వేసుకోవద్దు. సిగ్నల్ పోతే యూపీఐ కూడా పోతుంది. రికాంగ్ పియో దాటేలోపు ఆ మూడు నాలుగు రోజుల ఖర్చుకు సరిపడా నోట్లు చేతిలో ఉండాలి. లద్దాఖ్‌లోలా కాకుండా హిమాచల్‌లో మన ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేస్తాయి. కాజా దాటి పైఊళ్లకు వెళ్తే మాత్రం సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

పర్మిట్: భారతీయులకు అక్కర్లేదు, ఆధార్ దగ్గర ఉంచుకుంటే చాలు. అమెరికా పౌరసత్వం ఉన్న బంధువులు ఎవరైనా కలుస్తుంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, కిన్నౌర్ వైపు నుంచి స్పితిలోకి రావాలంటే పర్మిట్ తీసుకోవాలి.

బట్టలు: ఒక మందపాటి స్వెట్టర్ కన్నా మూడు పలచని పొరలు నయం, ఎండలో తీసేయొచ్చు, నీడలోకి రాగానే వేసుకోవచ్చు. సెప్టెంబర్ రాత్రులు సున్నా దగ్గరికి వస్తాయి. చలి కన్నా మనవాళ్లు ఎండను తక్కువ అంచనా వేస్తారు. ఆ ఎత్తులో సూర్యుడి అతినీల కిరణాలు చాలా బలంగా ఉంటాయి. టోపీ, చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ నాన్నగారికి కూడా.

ఇక మీరు ఇప్పుడు చేయాల్సింది రెండు పనులు. ముందు నాన్నగారి డాక్టరును కలవండి, ఆయన సరే అన్నాకే టికెట్లు. తర్వాత మీ ట్రావెల్స్ అతనితో కల్పా, తాబో, కాజా రాత్రులు ఇదే వరుసలో కాగితం మీద రాయించుకోండి. కాజా వదిలే ముందు రోజు సాయంత్రం కుంజుమ్ దారి ఎలా ఉందో ఆ రోజు మనాలీ నుంచి వచ్చిన డ్రైవర్లను స్టాండులో అడిగి తెలుసుకోండి. జిల్లా పోలీసులు కూడా రోడ్ల పరిస్థితి తమ సోషల్ మీడియా పేజీల్లో పెడుతుంటారు. ఇద్దరి మాటా కలిస్తేనే అలారం పెట్టుకుని పడుకోండి. కలవకపోతే ఆ పదో రోజును వాడేసుకోండి.